బిస్కెట్ రంగు ప్లగ్గు

లాలాగూడలో రైల్వే క్వార్టర్ల వెనక సందులో ఉన్న బ్రహ్మచారి షెడ్డుకు ముప్పై ఎనిమిదేళ్ళుగా బోర్డు లేదు. అవసరం పడలేదు. బేగంపేట నుంచి ఎంత ఖరీదైన కారు వచ్చినా, మెట్టుగూడలో ఆగి ఏ పాన్ డబ్బా దగ్గర అడిగినా, "ప్లగ్గుల చారి గదా, సీదా పోయి లెఫ్ట్ కొట్టు" అని చెయ్యి చూపిస్తారు. పేరు విని పెళ్ళికాని మనిషనుకునేరు. ఇంట్లో బాలమ్మ ఉంది, నలభై ఏళ్ళ కాపురం ఉంది, ఇద్దరు కూతుళ్ళు అత్తారిళ్ళలో ఉన్నారు. తాత పేరు మనవడికి పెట్టడం వాళ్ళ ఇళ్ళలో రివాజు, అంతే.

ప్లగ్గుల చారి అన్న పేరు ఊరికే రాలేదు. ఇంజన్‌లో నిప్పు రవ్వ పుట్టించేది స్పార్క్ ప్లగ్గు. దాని కొసన చిటికెన వేలి గోరంత పింగాణీ ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో ఆ పింగాణీ రంగును చూసి చెప్పొచ్చు. నల్లగా మసి పట్టిందంటే ఇంజన్ సరిగ్గా మండడం లేదు. చాయ్‌లో ముంచుకునే బిస్కెట్ రంగుకు తిరిగిందంటే ఆరోగ్యంగా ఉంది. సున్నం కొట్టినట్టు తెల్లబడిందంటే మాత్రం మంట మితిమీరింది, ఇవాళో రేపో పిస్టన్ కరుగుతుంది. కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్న పెద్ద పెద్ద గ్యారేజీల వాళ్ళు కూడా ఆఖరికి ప్లగ్గులు విప్పి కాగితంలో చుట్టి ఈయన దగ్గరికే పంపేవాళ్ళు. చారి ఒక మాట అంటే ఇక దానికి తిరుగులేదు.

చూడడానికి కూడా ఒక పద్ధతుండేది. పొద్దున పదింటికి, షెడ్డు గుమ్మంలో ఎండ పడే చోట నిలబడి చూడాలి. ట్యూబ్‌లైటు కింద చూడరు. భూతద్దం పట్టరు, అది గడియారాల వాళ్ళకు. విప్పిన ప్లగ్గులను ఒకటి రెండు మూడు నాలుగు వరుసలో ఒక చెక్క పలక బెజ్జాల్లో గుచ్చుతారు. రైల్వే వర్క్‌షాపులో పని చేసిన తండ్రి టేకు ముక్కతో చేసి ఇచ్చిన పలక అది. చారి ఒక్కొక్కటీ ఎత్తి, ఎండకు తిప్పి, "బిస్కెట్" అంటే పని ఖాయమైనట్టు. బండికి అదే నంబరు ప్లగ్గులు కొత్తవి బిగిస్తారు. పాతవి మాత్రం పలకలోనే ఉంటాయి. వెయ్యి కిలోమీటర్లు తిరిగి బండి మళ్ళీ చూపించుకోవడానికి వచ్చేదాకా వాటిని ఎవరూ తియ్యకూడదు. అది షెడ్డు కట్టుబాటు.

ఆ కంటి మీద ఆయనకు గర్వముండేది, దాచేదేముంది. అరవై నాలుగేళ్ళు వచ్చినా అద్దాలు పెట్టుకోలేదు. పెట్టుకోమని బాలమ్మ రెండేళ్ళుగా పోరుతూనే ఉంది. అన్నం తినేటప్పుడు, "ఏందే, బియ్యం మంచిగలేవా? పచ్చగ కొడుతున్నది" అనేవాడు. ఆమె తన కంచంలోకి చూసుకుని, "మల్లెపూల లెక్కున్నది. నీ కండ్లే పచ్చగున్నయి. పోయి చూపిచ్చుకో" అనేది. ఆయన వినేవాడు కాదు. కిందటి దసరాకు ముందు ఏసుదాసు అనే పెయింటరు వచ్చి ఇంటికి తెల్ల రంగు వేస్తే, అతనితో పెద్ద పంచాయితీ పెట్టుకున్నాడు. "తెలుపంటే గిదా? పాత దోతి రంగు పూసినవ్" అని గుమ్మంలో నిలబడి అరిచాడు. ఏసుదాసు నిచ్చెన మళ్ళీ ఎక్కి, గొణుక్కుంటూ రెండో చుట్టు వేశాడు. అది కూడా ఈయనకు నచ్చలేదు.

చూపు మసకబారిన సంగతి ఆయనకు తెలుసు. పొద్దుగూకితే ఎదురుగా వచ్చే బస్సు నంబరు చదవలేకపోయేవాడు. దూరమే సరిగ్గా కనబడడం లేదు, దగ్గరిది బ్రహ్మాండంగా ఉందని తనకు తాను చెప్పుకునేవాడు. రంగు కూడా మారిపోతుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు. రోజుకు వెంట్రుక వాసి చొప్పున మారేదాన్ని ఎవరు మాత్రం పసిగడతారు?

షెడ్డులో ఆయనకు కుడిభుజం ఎల్లాజీ. శ్రీకాకుళం వైపు మనిషి. పదిహేడేళ్ళ కిందట పెళ్ళాం అప్పలలక్ష్మిని, ఒక ట్రంకు పెట్టెను వెంటబెట్టుకుని సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగాడు. నెమ్మదస్తుడు. చేసిన పనిని మళ్ళీ ఒకసారి తడిమి చూసుకుంటే గానీ చెయ్యి తుడుచుకోడు. చారి కసురుకున్నా "అలాగేనండి" అనేవాడే గానీ ఎదురు చెప్పేవాడు కాదు. పదిహేడేళ్ళలో ఎదురు చెప్పింది ఒక్క బండి విషయంలోనే. అప్పుడు చెప్పింది విని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

వేణుమాధవ్ అని బేగంపేటలో ఆఫీసు ఉన్న కుర్రవాడు, ముప్పై అయిదేళ్ళుంటాయేమో, ఎర్రటి రెండు సీట్ల జపాన్ బండి తెచ్చాడు. దాని ఇంజన్‌కు సూపర్‌చార్జర్ పెట్టించుకున్నాడు. బెల్టు మీద తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా కుక్కే యంత్రం అది. గాలి పెరిగితే పెట్రోలు పెరుగుతుంది, మంట పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. కంపెనీ ఇచ్చిన ప్లగ్గులు ఆ వేడికి ఆగవు. వేడిని త్వరగా బయటికి లాగేసే చల్లటి రకం ప్లగ్గులు వెయ్యాలి. ఎంత చల్లనివి అన్నదే లెక్క. ఆ బండికి కంపెనీ నుంచి వచ్చింది ఆరో నంబరు. ఏడు వేస్తే ఒక మెట్టు చల్లన, ఎనిమిది వేస్తే రెండు మెట్లు.

"ఎనిమిదేద్దామండి, గురువు గారూ. గాలి బాగా గట్టిగా కొడతంది" అన్నాడు ఎల్లాజీ.

"ఎనిమిదేస్తే పారడైజ్ సిగ్నల్ కాడ మసి పట్టి ఆగిపోతది. రోజు ట్రాఫిక్‌ల తిరిగే బండి అది, రేసుల తిప్పుతడా?" అన్నాడు చారి. "ఏడు ఎయ్యి. నడిపి చూస్తె తెలుస్తది."

అందులో తప్పు లేదు. మరీ చల్లటి ప్లగ్గు ట్రాఫిక్‌లో మసి పడుతుందన్న మాట నిజమే. ఏ తెలిసిన మేస్త్రీ అయినా ముందు ఏడుతోనే మొదలుపెడతాడు. ముగ్గురూ పెందలాడే శామీర్‌పేట రోడ్డెక్కారు. చారి, ఎల్లాజీ వెనక వ్యాన్‌లో వెళ్ళారు. వేణుమాధవ్ బండిని పూర్తిగా తొక్కి, ఒక్కసారిగా ఇంజన్ ఆపేసి, దొర్లించుకుంటూ పక్కకు తెచ్చాడు. అలా ఆపితేనే ప్లగ్గు మీది రంగు ఉన్నదున్నట్టు ఉంటుంది. ఎల్లాజీ అక్కడే నాలుగు ప్లగ్గులూ విప్పి పలకలో గుచ్చాడు. బండిని వ్యాన్‌కు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు.

పదింటికి గుమ్మంలో చారి చూశాడు. మొదటిది ఎత్తాడు, తిప్పాడు. లేత గోధుమ రంగు. రెండోదీ అంతే. మూడోది, నాలుగోది కూడా అంతే. ఇంత సమానంగా వచ్చిన వరుస ఈ మధ్య చూడలేదని ఆయన మనసు నిండిపోయింది.

"బిస్కెట్" అన్నాడు.

ఎల్లాజీ పలక అందుకోలేదు. వంగి చూశాడు. "గురువు గారూ, ఇది తెల్లగా ఉన్నాదండి."

"ఏందీ?"

"మూడోదండి. నాలుగూ తెల్లగానే ఉన్నాయి. దీని మీద సన్న సన్న సుక్కలు కూడా మెరుస్తన్నాయి. పిస్టన్ కరిగితే అలాగొస్తాయని మీరే సెప్పారు గదండి."

వేణుమాధవ్ పక్కనే నిలబడి ఉన్నాడు. అదే వచ్చింది చిక్కు. వేరేవాళ్ళు లేనప్పుడు అని ఉంటే చారి ఇంకోసారి తిప్పి చూసేవాడేమో, చూసినా కనబడేది కాదనుకోండి. కస్టమర్ ముందర, తన గుమ్మంలో, తన కంటి మీద అనుమానం. మొహం గంటు పెట్టుకున్నాడు.

"నాకు నేర్పుతున్నవా? నువ్వు స్పానర్ పట్టకముందు నుంచి చూస్తున్న నేను. అది రోడ్డు మీది దుమ్ము. ఏడో నంబర్ కొత్తయి తీసి బిగియ్యి."

"అలాగేనండి" అన్నాడు ఎల్లాజీ.

రెండు వారాలకు వేణుమాధవ్ ఫోను చేశాడు. గట్టిగా తొక్కితే సన్నగా టకటకమంటోందని, ఎవరైనా పక్కన కూర్చుని వింటే బాగుండునని. చారి ఎల్లాజీని పొమ్మన్నాడు. ఎల్లాజీ చేతిగుడ్డ భుజాన వేసుకుని వెళ్ళబోతూ, గుమ్మం దగ్గర ఆగాడు.

"ముందు ప్లగ్గులిప్పి ఓపాలి సూద్దామండి?"

"నేను చూసిన ప్లగ్గును మళ్ళ చూసుడేంది? పో, విని రా."

శామీర్‌పేట దాటాక నాలుగు కిలోమీటర్లలో ఇంజన్ పేలింది. నూనె చిమ్మి, ఎర్రగా కాలుతున్న పొగ గొట్టం మీద పడి, బానెట్ కింద మంట లేచింది. వేణుమాధవ్‌కు సీటు బెల్టు ఊడిరాలేదు. ఎల్లాజీ తన వైపు నుంచి దిగి, చుట్టూ తిరిగి వచ్చి, లోపలికి దూరి, బెల్టు కోసి అతన్ని బయటికి లాగి పడేశాడు. వేణుమాధవ్ ఒక కాలు బొబ్బలతో బయటపడ్డాడు. ఎల్లాజీకి రెండు చేతులూ, ఛాతీ, మెడా కాలిపోయాయి.

మాడిపోయిన బండిని క్రేన్ మీద తెచ్చి షెడ్డు ముందు దింపారు. చారి దాని చుట్టూ తిరిగాడు. పెట్రోలు పైపు బిగించే క్లిప్పు ఒకటి వదులుగా వేలాడుతోంది. ఆ పైపు బిగించింది ఎల్లాజీ. "క్లిప్పు లూజైంది. పెట్రోలు కారి అంటుకున్నది" అన్నాడు చారి, అడిగినవాళ్ళందరితో. రబ్బరు పైపు కాలి బూడిదైపోతే, దాని మీది క్లిప్పు వదులవక బిగువుగా ఎలా ఉంటుంది? ఇంత చిన్న సంగతి ఆయనకు తెలియదా? తెలుసు. ఇంజన్ విప్పితే ఇంకా తెలిసేది. కానీ ఆ క్లిప్పు కనబడగానే గుండెల మీంచి బరువు దిగినట్టయింది, ఆ పైన ఇక చూడబుద్ధి కాలేదు. వేణుమాధవ్ ఆ బండి మొహం చూడలేనని తుక్కుకు ఇచ్చేశాడు. ఇంజన్‌ను ఎవరూ విప్పనే లేదు.

ఎల్లాజీ ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాడు. ఏడో రోజు చారి వెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. దూది చుట్టల మధ్య ఎల్లాజీ కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. నిద్ర పట్టక గుంటలు పడి ఉన్నాయి.

"క్లిప్పు ఒకటికి రెండుపాల్లు బిగించానండి" అన్నాడు. "ఎలాగ ఊడిపోనాదో తెలీడం లేదు. పడుకుంటే అదే కనిపిస్తంది. ఆ బాబుగారు సచ్చిపోయుంటే నా పాపమే గదండి."

అప్పలలక్ష్మి కాళ్ళ దగ్గర నిలబడి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చారి స్టూలు మంచం దగ్గరికి జరుపుకున్నాడు. నిజంగానే జాలేసింది ఆయనకు. ఎంతో పెద్ద మనసు చేసుకుంటున్నాననుకున్నాడు.

"పోనీ తమ్మీ. తప్పులు అందరి చేతుల్ల అయితయి. నేను మనసుల పెట్టుకోలే. నువ్వు సుత పెట్టుకోకు, పరేషాన్ గాకు" అన్నాడు.

ఎల్లాజీ కళ్ళలోంచి నీళ్ళు కారి దూదిలోకి ఇంకిపోయాయి. కాసేపటికి నిద్రపోయాడు. పన్నెండో రోజు తెల్లవారాక పోయాడు.

తరవాత ఏడు నెలలు మామూలుగానే గడిచాయని చెబితే మనుషుల మీద విసుగొస్తుంది గానీ, గడిచాయి. అప్పలలక్ష్మి లాలాగూడ గది ఖాళీ చేసి, కూతురు దేవిని తీసుకుని కాప్రా వెళ్ళిపోయింది. అక్కడ ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. వెళ్ళే ముందు మొగుడి పనిముట్ల పెట్టె మోసుకొచ్చి షెడ్డులో పెట్టి, "మా ఇంట్లో ఉంచుకోలేమండి" అని దండం పెట్టింది. దసరాకు వచ్చి చారి కాళ్ళకు మొక్కింది. ఇంత నష్టం చేసినా ఒక్క మాట అనలేదని సందులో అందరితో చెప్పి మరీ వెళ్ళింది. ఆ మాట బాలమ్మ చెవిన పడి, ఆమె చారికి చెప్పింది. చారి తల ఊపాడు.

మాఘమాసంలో షెడ్డు మెట్టు మీద కాలు తప్పి పడ్డాక ఇక బాలమ్మ ఊరుకోలేదు. చెయ్యి పట్టి కంటి ఆస్పత్రికి లాక్కుపోయింది. రెండు కళ్ళలోనూ శుక్లం, ఇక్కడి వాళ్ళనే మోతీబిందు, ముదిరిపోయిందన్నారు. ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు, ఎడమది నెల ఆగి చేస్తామన్నారు. మర్నాడు పొద్దున పట్టీ విప్పారు.

ముందుగా కనబడింది బాలమ్మ. నీలం చీర కట్టుకుని ఉంది. ఆకుపచ్చ అనుకున్నాడు నిన్నటిదాకా దాన్ని. నల్లద్దాలు పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చాడు. గుమ్మంలో అద్దాలు తీసి చూస్తే గోడ తళతళా మెరుస్తోంది.

"అరె, ఏసుదాసు మంచిగనే ఏసిండు గదా" అని నవ్వాడు. "పాపం, ఉత్తగనే తిట్టిన."

బాలమ్మ కూడా నవ్వింది. ఆయన సరదాగా ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూస్తున్నాడు. కుడి కంటికి గోడ తెలుపు. ఎడమ కంటికి అదే గోడ బిస్కెట్ రంగు.

నవ్వు ఆగిపోయింది. బిస్కెట్ అన్న మాట నోట్లోకి వచ్చి అక్కడే ఉండిపోయింది. బాలమ్మ చాయ్ పెడతానంటోంది, ఎండలో తిరగొద్దని డాక్టరు చెప్పాడంటోంది. ఆయన చెప్పులేసుకుని సందులోకి దిగాడు.

ఆ నాలుగు ప్లగ్గులూ పలకలోనే ఉన్నాయి. వెయ్యి కిలోమీటర్లు తిరిగి రావలసిన బండి రాలేదు కనక ఎవరూ తియ్యలేదు. ఏడు నెలల దుమ్ము పట్టి ఉన్నాయి. మూడోది తీసి, ఉఫ్ మని ఊది, గుమ్మంలోకి తెచ్చాడు. పదిన్నరయింది. ఎండ అక్కడే పడుతోంది. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాడు. లేత గోధుమ రంగు, చక్కగా ఉంది. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాడు.

సున్నం. దాని మీద సూది మొనలంత చుక్కలు, తళుకు తళుకుమంటూ. కరిగిన పిస్టన్ తుంపరలు. దుమ్ము కాదు, దుమ్ము మెరవదు. ఆ రోజే, ఆ గుమ్మంలోనే, ఇంజన్ తనకు ఏమవుతోందో రాసి చేతిలో పెట్టింది. ఎల్లాజీ చదివి వినిపించాడు. తను దుమ్మన్నాడు.

మళ్ళీ చూశాడు. మూడుసార్లు కళ్ళు మార్చి చూశాడు. తరవాత గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆపరేషన్ కంటికి ఏడుపు మంచిది కాదని చెప్పారు, కానీ అది చెబితే వినే పని కాదు.

బాలమ్మ వెతుక్కుంటూ వచ్చింది. ఆయన చెప్పిందంతా నిలబడి విన్నది. తరవాత గొంతు తగ్గించి, "పోయినోడు పోయిండు. ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం? ఆమె ఎట్లనో నిలదొక్కుకున్నది. మళ్ళ గాయం గెలుకుడెందుకు?" అంది. ఆమెకు భయం వేసింది. ముప్పై ఎనిమిదేళ్ళ పేరు పోతుందని భయం, పోలీసుల దాకా పోతుందని భయం. అది తప్పని ఎవరంటారు? చారికి కూడా ఆ మాట తీపిగానే తగిలింది. నాలుగు ప్లగ్గులూ మురిక్కాలవలో పడేస్తే ఇక ఈ లోకంలో ఎవరికీ తెలియదు. రెండు రోజులు ఆ ఆలోచనతోనే అన్నం తిన్నాడు. అన్నం తెల్లగా కనబడేది. ముద్ద దిగేది కాదు.

దిగనిది ఎల్లాజీ చావు ఒక్కటే కాదు. తప్పులు అందరి చేతుల్ల అయితయి, మనసుల పెట్టుకోలే. ఆ మాట అన్నది తనే. ఏ పాపం ఎరగనివాణ్ణి, చచ్చిపోతున్నవాణ్ణి, పెద్దమనిషిలా స్టూలు మీద కూర్చుని క్షమించి వచ్చాడు. అది తలుచుకుంటే ఒళ్ళు చచ్చిపోయేంత సిగ్గేసింది.

మూడో రోజు మధ్యాహ్నం పలకను గుడ్డలో చుట్టుకుని బస్సెక్కి కాప్రాలో దిగాడు. చెరువు వెనక రెండో వీధిలో అప్పలలక్ష్మి అద్దె గది. మధ్యాహ్నం వంట అయ్యాక ఆమెకు నాలుగున్నర దాకా తీరిక. నల్లద్దాల మనిషిని చూసి ముందు పోల్చుకోలేదు. పోల్చుకోగానే గబగబా కుర్చీ తుడిచి వేసింది.

"కబురంపితే నానే వచ్చీదాన్ని గదా గురువు గారూ. కంటికి ఆపరేషన్ అయిందంట, ఇంత ఎండన పడి వచ్చారేటండి?" అంటూ స్టవ్ వెలిగించి టీకి నీళ్ళు పెట్టింది.

గోడకు ఎల్లాజీ ఫోటో ఉంది. చారి కుర్చీలో కూర్చోలేదు. చాప మీద కూర్చుని పలక విప్పి ముందు పెట్టాడు. వచ్చే దారంతా మాటలు కూడబలుక్కున్నాడు గానీ, అవేవీ నోటికి రాలేదు.

"క్లిప్పు కాదు చెల్లె" అన్నాడు. "ఎల్లాజీ తప్పు లేదు. తప్పు నాది."

మొదటి నుంచీ చెప్పాడు. ఏడు నంబరు, ఎనిమిది నంబరు, రంగు, చుక్కలు, తన కన్ను, ఏసుదాసు గోడ, అన్నీ. పైపు కాలితే క్లిప్పు వదులవుతుందని తనకు తెలిసీ పట్టించుకోలేదని కూడా చెప్పాడు. ఆమె స్టవ్ దగ్గరే నిలబడి విన్నది. నీళ్ళు తెర్లుతుంటే మంట ఆపేసింది. టీ పొడి వెయ్యలేదు.

"తెల్లగా ఉన్నాదని ఆయన సెప్పారా మీకు?"

"చెప్పిండు."

"ఒకపాలే సెప్పారా?"

"మళ్ళ సుత అడిగిండు, ఆ బండెక్కే రోజు. ప్లగ్గులు విప్పి చూద్దమన్నడు. నేనే కసురుకుని పంపిన."

ఆమె గోడకానుకుని కూర్చుంది. తిడుతుందని, కొడుతుందని, ఇరుగుపొరుగును పిలుస్తుందని సిద్ధపడి వచ్చాడు చారి. ఆమె ఏదీ చెయ్యలేదు. ఫోటో వంక చూస్తూ ఉండిపోయింది.

"పదకొండు రోజుల్లో మీరొచ్చినప్పుడొక్కపాలే నిద్రపోయారండి ఆయన" అంది చివరికి. "గురువు గారు మనసులో పెట్టుకోలేదన్నారని, ఆ మాట నాకు మళ్ళీ మళ్ళీ సెప్పుకున్నారు. నేరం సేసినోడిలాగే పోయారు. ఇప్పుడు ఆయనకి ఎవరు సెప్తారండి?"

చారి చేతులు జోడించాడు. ఆమె ఆ చేతుల వంక చూడలేదు.

"పోలీసుల దగ్గరికి పోతనన్నా నీ ఇష్టం చెల్లె. ఏడికి రమ్మంటె ఆడికి వస్త."

"నాకా తీరుబడి లేదండి." కొంగుతో మొహం తుడుచుకుంది. "దేవి పదో తరగతి. పాలిటెక్నిక్‌లో మోటారు పని చదూతాను, నాన్న పెట్టె తెచ్చియ్యమని ఏడిసింది. నానే ఒద్దన్నాను. మీ నాన్న చేతి పనికి ఒక మనిషి చావబోయాడు, మనింటి చెయ్యి ఆ పనికి పనికిరాదన్నాను. నా నోటితోనే అన్నానండి. అప్పటి నుంచి ఆ పిల్ల ఫోటో ఉన్న గోడ వైపు కూసుని అన్నం తినదు." లేచి నిలబడింది. "నాలుగింటికి వస్తాది. నాను సెప్పలేను. మీరే ఉండి సెప్పండి."

గడియారంలో మూడుంబావు. చారి చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. దాహంగా ఉంది, అడగడానికి నోరు రాలేదు. ఇంత కాలం ఆయన గుమ్మంలో ఎందరో కస్టమర్లు పలక ముందు నిలబడి, చారి ఏమంటాడో అని ఊపిరి బిగపట్టుకుని చూశారు. వాళ్ళకు ఎలా ఉండేదో ఆయనకు ఇవాళ తెలిసింది.

దేవి వచ్చింది. స్కూలు బ్యాగు దింపకుండానే తల్లి మొహం, ఈ ముసలాయన మొహం మార్చి మార్చి చూసింది. పొడుగ్గా, సన్నగా, ఎల్లాజీలాగే కొంచెం వంగి నిలబడుతుంది. చారి మోకాళ్ళ మీద చేతులానించి లేచాడు. మూడో ప్లగ్గు తీసి పిల్ల అరచేతిలో పెట్టాడు. నీడలో కాదని, భుజం పట్టి గుమ్మంలోకి, ఎండ పడే చోటికి నడిపించాడు.

"మంచిగ చూడు బిడ్డా. తొందరేం లేదు. ఏం రంగున్నది?"

దేవి దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని తిప్పింది. ఎవరూ నేర్పకుండానే ఎండకు ఏటవాలుగా పట్టింది.

"తెల్లగా ఉంది" అంది. "ఏవో చుక్కలు మెరుస్తున్నాయి."

"మీ నాయన సుత గదే చెప్పిండు" అన్నాడు చారి. "నేను ఇనలే. క్లిప్పు గిప్పు ఏం లేదు. మీ నాయన చెయ్యి మంచిగుండె, కన్ను సుత మంచిగుండె. నాదే ఖరాబైంది."

దేవి ప్లగ్గును గుప్పిట్లో బిగించి చాలాసేపు వీధిలోకి చూసింది. తరవాత, వెనక్కి తిరక్కుండానే, మిగతా మూడూ ఇమ్మని చెయ్యి చాపింది.